మూడో గది గాలి

ఆల్డర్ బెంచ్, వాషింగ్టన్ రాష్ట్రం
నవంబరు, మొదటి మంచు పడ్డ రోజు

మేవీ,

ఒకే ఉత్తరంలో "ఎలా ఉన్నావక్కా" అని మూడుసార్లు అడిగావు. ఎలా ఉంటాను, ఉన్నాను. ఆర్విడ్ పోయి రెండు నెలలు దాటింది. ఒక్కదానికి సరిపడా వండుకోవడం ఇంకా చేతకాలేదు, రోజూ మిగిలిపోతోంది. ఇక అడక్కు.

అసలు కబురు విను. ఆర్విడ్ చేసిన పని నాకిచ్చారు. కోల్డ్ స్టోరేజీ గదుల్లో గాలి కొలిచే పని. ఊళ్ళో పదకొండు ఆపిల్ తోటల వాళ్ళు కలిసి పెట్టుకున్న స్టోరేజీ కదా, పదకొండు నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఆడమనిషికా అని కొందరు, మొగుడు పోయిన దుఃఖంలో అంకెలేం చూస్తుందని కొందరు. గస్ టోలెఫ్సన్ ముసలాయనైతే నా మొహం మీదే అన్నాడు, "నా కాయలు నీ చేతిలో పెట్టి నేను నిద్రపోవాలా?" అని. మేనేజరు ప్రూయిట్ చివరికి, "ఈ ఒక్క సీజనుకీ ఇద్దాం, తర్వాత చూద్దాం" అన్నాడు. పిల్లదాని చేతికి కత్తెరిచ్చి పక్కనే కాపలా కాసే వాడిలా ఉంది ఆ మాట. ఆర్విడ్ ఈ పని చేసిన ఆరేళ్ళూ నేను పక్కనే ఉన్నాను. ఇది పోతే ప్యాకింగ్ షెడ్డులో బెల్టు దగ్గర నిలబడి కాయలు ఏరుకోవాలి. అదేం తప్పుపని కాదు. కానీ నాకు ఈ పనే కావాలి మేవీ. ఆ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

మూడో గది నిన్న మూశాం. తలుపు సందులన్నీ పూడ్చేశాక రాష్ట్రం ఇన్‌స్పెక్టరు వచ్చి సీలు వేసి వెళ్ళాడు. ఇక తెరిచేది ఫిబ్రవరిలోనే. ముందే తెరిస్తే రాష్ట్రం ముద్ర పడదు, ముద్ర లేని కాయని వసంతంలో ఎవరూ కన్నెత్తి చూడరు. లోపల కాయలు ఊపిరి పీల్చి పీల్చి ఆక్సిజన్‌ని వాటంతటవే తగ్గించుకుంటాయి. నూటికి మూడు పాళ్ళకి దిగాక, బయటి గాలిని లోపలికి వదిలే చిన్న మూత కాస్త తెరిచి, కాస్త మూసి అక్కడే నిలబెట్టడం నా పని. ఎక్కువుంటే కాయ మెత్తబడుతుంది, మరీ తగ్గితే ఊపిరాడక లోపల సారా పుడుతుంది. మనిషి ఆ గదిలోకి అడుగుపెడితే రెండు ఊపిర్లకే కూలిపోతాడు, కనుక వెళ్ళి చూసొచ్చే ప్రశ్నే లేదు. బయట గోడకున్న గాజు గొట్టాల పెట్టె ఏం చెప్తే అదే నమ్మాలి.

ఆ పెట్టె నీకు తెలిసిందే. గది గాలి కొంచెం లాగి ముందు పొటాష్ నీళ్ళలోంచి పంపితే, బొగ్గుపులుసు గాలిని అది తాగేస్తుంది. తర్వాత గోధుమరంగు మందులోంచి పంపితే ఆక్సిజన్ని అది తాగేస్తుంది. ఒక్కోసారి ఎంత తగ్గిందో గీతలు చూసి రాసుకోవడమే. చివరికి మిగిలేది ఎందుకూ పనికిరాని గాలి, మా ప్రూయిట్ లాంటిది. రోజూ ముందు బయటి గాలి పెట్టి చూస్తాను. ఇరవయ్యొకటి చూపిస్తే పెట్టె బాగున్నట్టు. ఆర్విడ్ నేర్పిన పద్ధతే.

తొమ్మిదేళ్ళు చదివి నువ్వూ ఆపిళ్ళ ఊపిరే కొలుస్తున్నావు, ఏమీ చదవకుండా నేనూ అదే కొలుస్తున్నాను. అమ్మ ఉంటే ఫీజులు దండగ అనేది.

వెర్నా


హార్లో కోవ్, న్యూయార్క్ రాష్ట్రం
డిసెంబరు

అక్కా,

మీటరమ్మగారికి దండాలు. నీ ఉత్తరం మా ల్యాబులో అందరికీ చదివి వినిపించాను, ప్రూయిట్ గాలితో సహా. మా డాక్టర్ ఆస్ట్రాండర్ కూడా నవ్వాడు. ఆయన నవ్విన రోజుని క్యాలెండరులో చుట్టి పెట్టుకోవాలి.

నా లోకమంతా నలభై గాజు సీసాలు. ఒక్కో దాంట్లో ఆరు ఆపిళ్ళు, ఒక్కో దానికి ఒక్కో రకం గాలి. కాయ ఎంత ఆక్సిజన్ తీసుకుంది, ఎంత బొగ్గుపులుసు గాలి వదిలింది, ఈ రెండూ కొలవడమే నా బతుకు. ఆక్సిజన్ చాలినంత కాలం రెండూ దాదాపు సమానం. దాన్ని తగ్గిస్తూ పోతే రెండూ కలిసి తగ్గుతాయి. తగ్గి తగ్గి ఒకచోట బొగ్గుపులుసు గాలి ఉన్నట్టుండి పెరగడం మొదలెడుతుంది. తీసుకునేది దాదాపు లేదు, వదిలేది మాత్రం ఎక్కువ. అదీ గుర్తు. కణాలకి ఆక్సిజన్ అందక రెండో దారి పట్టాయన్న మాట. చక్కెరని పూర్తిగా కాల్చుకోలేక సగంలో ఆపేసి సారా కింద వదిలేస్తాయి. ఆ దారిలో వచ్చే బలం చాలా తక్కువ. అయినా దాంతోనే లాక్కొస్తాయి. ఆ మొండితనమంటే నాకు ముచ్చట అక్కా. ఊపిరి ఆగితే ప్రాణం ఆగిందనుకుంటాం. వాటికి అలా కాదు, ఏదో ఒకటి చేసుకుని రోజు వెళ్ళదీస్తాయి. (కాయల గురించే రాశాను. నీ గురించి అనుకుని మొహం మాడ్చుకోకు.)

నా లెక్కలో కాయ ఆ రెండో దారి పట్టే గీత ఆక్సిజన్ ఒకటిన్నర పాళ్ళ దగ్గర ఉంది. దాని కిందికి దిగిన సీసాలన్నీ రెండు వారాల్లో సారాకొట్టు వాసన కొట్టాయి. మొదటి సీసా మూత తీసి వాసన చూసి నేను గంతులేస్తే, ఊడ్చే ఆవిడ నేను తాగానేమో అనుకుంది. వసంతంలో అచ్చయ్యే కరపత్రంలో ఈ అంకె వేస్తాం. స్టోరేజీల వాళ్ళంతా దాన్ని పట్టుకునే గదులు నడుపుతారు. నా పేరుతో బయటికొచ్చే మొదటి అంకె కదా, తలుచుకుంటే ఒకపక్క గర్వం, ఒకపక్క భయం. సీసాలో ఆరు కాయల సంగతి తెలుసు గానీ, కొండంత గదిలో ఏం జరుగుతుందో నాకు తెలియదు. నీ మూడో గది అంకెలు వారం వారం రాస్తావా? నా సీసాల పక్కన పెట్టి చూసుకుంటాను.

ఒక్కదానికి ఎక్కువ వండితే మిగిలింది గస్ ముసలాయనకి పంపు. నోట్లో ముద్ద ఉన్నంతసేపయినా మాట్లాడడు.

నీ మేవీ


ఆల్డర్ బెంచ్
జనవరి

మేవీ,

గస్‌కి నిజంగానే పంపాను, బంగాళాదుంపల కూర. గిన్నె కడిగి తిరిగి పంపాడు, "ఉప్పు తక్కువ" అని కబురు కూడా పంపాడు.

నీకు కావలసిన అంకెలు వేరే కాగితం మీద రాసి పెట్టాను. చూస్తే నీకే తెలుస్తుంది, నా గది బంగారంలా నడుస్తోంది. ఆక్సిజన్ మూడు, మహా అయితే మూడున్నర. మూడు దాటినప్పుడల్లా గాలి మూత తెరవడం తగ్గిస్తున్నాను, అంతే. ఇంకా గొప్ప సంగతి బొగ్గుపులుసు గాలి. మొదట్లో రెండు పాళ్ళుండేది, ఒకటికి దిగింది, ఇప్పుడు అరకి వచ్చింది. ఆ గాలిని లాగేయడానికి గది పక్కన సున్నం బస్తాలు పెడతాం కదా, వాటి అవసరమే తగ్గిపోయింది. ఆర్విడ్ నడిపిన రోజుల్లో కూడా ఇంత శుభ్రంగా లేదు. ప్రూయిట్ నా కాగితాలు చూసి ఈల వేశాడు. "వెర్నా, నీ చేతిలో ఏదో ఉంది" అన్నాడు. అది విని నేను ఇంటికొచ్చి ఒక్కదాన్నీ వంటింట్లో నవ్వుకున్నాను. చాలా రోజులకి నవ్వాను, మేవీ.

ఇక్కడ చలి చంపేస్తోంది. గదిలో ముప్పై ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీలు, నీళ్ళు గడ్డకట్టేంత చలి, బయట అంతకన్నా తక్కువ. చలి కాచుకోవడానికి స్టోరేజీలోకి పోదామా అని అందరూ జోకులు.

నీ సీసాలకి నా ఆశీస్సులు.

వెర్నా


హార్లో కోవ్
జనవరి

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

నీ అంకెలు రెండు రోజులు నా బల్ల మీద పెట్టుకుని చూశాను. మొదట నేనూ ఈల వేశాను. తర్వాత నిద్రపట్టలేదు. అక్కా, గది నిండా ఆపిళ్ళు ఊపిరి వదులుతున్నాయి. సున్నం తగ్గించానని నువ్వే రాశావు. అలాంటప్పుడు బొగ్గుపులుసు గాలి పెరగాలి గానీ ఎలా తగ్గుతుంది? అది ఎక్కడికి పోతుంది?

నాకు తట్టింది ఒకటే. నీ పొటాష్ నీళ్ళు నీరసించిపోయాయి. అవి తాగాల్సిన గాలిని తాగడం లేదు. తాగకుండా వదిలేసింది తర్వాతి గోధుమరంగు మందులోకి పోతోంది. ఆ మందు కలిపేది కూడా పొటాష్‌లోనే కనుక, ఆక్సిజన్‌తో పాటు ఇదీ తాగేస్తుంది. అంతా కలిపి నువ్వు ఆక్సిజన్ కింద రాసుకుంటున్నావు. మూడున్నర కనిపించేది మూడున్నర కాదు. దాంట్లో ఎక్కువ భాగం బొగ్గుపులుసు గాలే. అసలు ఆక్సిజన్ ఒకటో, ఇంకా తక్కువో. నువ్వేమో ఎక్కువుందనుకుని మూత బిగిస్తున్నావు.

రోజూ బయటి గాలి పెట్టి చూస్తున్నాను కదా అంటావు. బయటి గాలిలో బొగ్గుపులుసు గాలి ఉందో లేదో అన్నంతే. పొటాష్ చచ్చినా బతికినా ఆ పరీక్షలో ఇరవయ్యొకటే వస్తుంది. అందరూ చేసే పరీక్ష అదే, ఆ ఒక్క జబ్బునీ పట్టుకోలేనిది కూడా అదే.

ఒక పని చెయ్యి. నీ ఊపిరి దాంట్లోకి ఊదు. మనిషి ఊపిరిలో బొగ్గుపులుసు గాలి నాలుగు పాళ్ళు, ఆక్సిజన్ పదహారో పదిహేడో ఉంటుంది. అలా చూపిస్తే నన్ను తిట్టి పోస్టు ఖర్చు నా నెత్తిన రుద్దు. నేను తప్పయితే బాగుండునని నిజంగా కోరుకుంటున్నాను.

మేవీ


ఆల్డర్ బెంచ్
జనవరి

మేవీ,

ఊదాను. నా ఊపిరిలో బొగ్గుపులుసు గాలి లేనే లేదట. ఆక్సిజన్ ఇరవయ్యట. పెట్టె మాట నమ్మితే నేను ఊపిరి తీసుకోని మనిషిని.

కొత్త పొటాష్ కలిపి పోసి మళ్ళీ గది గాలి లాగాను. బొగ్గుపులుసు గాలి మూడు. ఆక్సిజన్ ఒకటి. నీ లెక్క అక్షరాలా నిజం.

ఎందుకు మార్చలేదని అడుగుతావు, అడక్కముందే చెప్తాను. వారం పది రోజులకోసారి మార్చాలని నాకు తెలుసు. ఆ నీళ్ళు ఆర్విడ్ కలిపినవి. ఆగస్టులో, ఆసుపత్రికి పోయే ముందు, సీజనుకి సిద్ధం చేస్తానని షెడ్డులో కూర్చుని కలిపాడు. చెయ్యి వణుకుతుంటే బాటిలు నేను పట్టుకున్నాను. ఆయన చేత్తో చేసిన వాటిలో అదొక్కటే మిగిలి ఉంది, వాడుతూ ఉన్నది. పారబోద్దామని రెండుసార్లు సింకు దాకా తీసుకెళ్ళాను, పారబోయలేక మళ్ళీ తెచ్చి పోశాను. బయటి గాలి ఇరవయ్యొకటి చూపిస్తోంది కదా, ఇంకో వారం ఇంకో వారం అనుకున్నాను. పదకొండు కుటుంబాల పంట మీద నా దుఃఖం పెట్టుకున్నాను మేవీ. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఎవరికీ చెప్పలేదు. మూత కొంచెం తెరిచాను. ఆక్సిజన్ మెల్లగా రెండుకి తెస్తున్నాను. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెప్పితే నా పని ఆ రోజే పోతుంది. ఏం చెయ్యమంటావు? శాస్త్రం అడగట్లేదు, చెల్లెలిని అడుగుతున్నాను.

వెర్నా


హార్లో కోవ్
జనవరి చివర

అక్కా,

ఇంత దూరంలో ఉండి నీ భుజం మీద చెయ్యి వెయ్యలేకపోవడం ఈ రోజు నాకు చాలా కష్టంగా ఉంది.

నాకు తెలిసింది చెప్తాను. నా సీసాల ప్రకారం ఒక పాలు ఆక్సిజన్‌లో కాయ రెండు వారాలకే పాడవుతుంది. నీ గది అంతకంటే ఎక్కువే అలా ఉంది. సారా కాస్తే పుట్టి ఉంటే, మళ్ళీ గాలి అందితే కాయ దాన్ని కాల్చేసుకుని కోలుకుంటుంది. ఎక్కువ పుట్టి ఉంటే కోలుకోదు, లోపల గోధుమరంగు తిరుగుతుంది. వెంటనే గది తెరిచి బతికిన వాటిని మామూలు కాయల కింద అమ్ముకోవడమే దారి అని నా అంకెలు అంటున్నాయి.

చెల్లెలిగా చెప్పమన్నావు. చెప్పెయ్యి అక్కా. పని పోవచ్చు, పోతుందనే అనుకో. కానీ ఆ కాయలు వాళ్ళవి. తెరవాలో వద్దో తేల్చుకోవాల్సింది వాళ్ళు, నువ్వొక్కదానివే దాచిపెట్టి తేల్చేది కాదు.

ఇంకో మాట. నీ ఉత్తరం చదవగానే నాకు ముందు వచ్చిన ఆలోచన, "అయ్యో తెరవకుండా ఉంటే బాగుండు, ఇంత పెద్ద గది మీద ఇలాంటి ప్రయోగం మళ్ళీ దొరకదు" అని. తర్వాతే నువ్వు గుర్తొచ్చావు. మొహం కడుక్కుని వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేవీ


ఆల్డర్ బెంచ్
ఫిబ్రవరి మొదట్లో

మేవీ,

చెప్పాను.

ముందు ప్రూయిట్‌కి. తలుపు వేసి రమ్మని, గొంతు తగ్గించి, "మూత తెరిచావు కదా? ఇక నోరు మూసుకో. కాయ బాగుంటే బాగున్నట్టు, పాడైతే వాతావరణం మీద తోసేద్దాం" అన్నాడు. నేను పనివాళ్ళు భోంచేసే గదిలో పదకొండు మందినీ కూర్చోబెట్టి, పొటాష్ సంగతి, నా ఊపిరి సంగతి, ఆర్విడ్ సంగతి, అన్నీ చెప్పాను. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

గస్ లేచి నిలబడ్డాడు. "నాకు మొదటే తెలుసు. మీరంతా పువ్వులు పట్టుకుని సానుభూతి చూపించారు, ఇప్పుడు సారా తాగండి!" అన్నాడు. "ఒసేయ్ వెర్నా, ఆర్విడ్ ఉంటే నిన్ను ఏం చేసేవాడో తెలుసా?"

"ఏం చేసేవాడు?" అన్నాను.

"ఏమీ చేసేవాడు కాదు. వాడో మెతక వెధవ" అని కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూసినట్టు తెలిస్తే చంపేస్తాడు.

తెరుద్దామని ఐదుగురు, ముద్ర పడేదాకా ఆగుదామని ఐదుగురు, ఎటూ తేల్చుకోలేక ఒకరు. చివరికి అందరం గది దగ్గరికి వెళ్ళాం. తలుపు పక్కన చిన్న కిటికీ ఉంది కదా, చెయ్యి పెడితే అందే చోట నమూనా కాయల బుట్ట ఉంటుంది. దాన్ని తీసి తలా ఒక కాయ ఇచ్చాను. పదకొండు మంది పెద్దమనుషులు స్కూలు పిల్లల్లా వరసలో నిలబడి ఆపిళ్ళు కొరుకుతున్నారు, నేను వాళ్ళ మొహాలు చూస్తున్నాను. మేవీ, కొరికిన చప్పుడు ఆ షెడ్డంతా వినిపించింది. రసం గడ్డాల మీద కారింది. సారా వాసన ఎక్కడా లేదు. ఫిబ్రవరిలో అంత గట్టి కాయ నేను తినలేదు, ఆర్విడ్ రోజుల్లో కూడా.

"ఎవరే ఆ చెల్లెలు? రెండు వారాలకే పాడవుతుందన్నది?" అన్నాడు ప్రూయిట్. అందరూ పగలబడి నవ్వారు. సారీ, నేనూ నవ్వాను.

రెండు పాళ్ళ దగ్గర నిలబెట్టి, ముద్ర పడేదాకా ఆగుదామన్నారు. నా పని సంగతి గది తెరిచాక మాట్లాడతారట. నీ సీసాలు ఎందుకలా చెప్పాయి?

వెర్నా


హార్లో కోవ్
ఫిబ్రవరి

అక్కా,

నవ్వనీ. నేనూ నవ్వేదాన్నే, ఆ కాయలు బాగున్నాయన్న సంతోషంలో కాసేపు నవ్వాను కూడా. తర్వాత సీసాల గదిలోకి వెళ్ళి థర్మామీటరు ముందు నిలబడ్డాను.

నా సీసాలున్న గది నలభై ఫారెన్‌హీట్ డిగ్రీలు. డాక్టర్ ఆస్ట్రాండర్ బేరికాయలు కూడా అందులోనే ఉన్నాయి, ఆయనకి అంత కావాలి. కాయల చలి కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకుని, ఆ అంకె కరపత్రంలో ఒక మూలకి నెట్టేశాను. నీ గది ముప్పై ఒకటి. చలిలో కాయ మెల్లగా ఊపిరి పీలుస్తుంది, దానికి తక్కువ గాలి చాలు. నలభైలో ఒక పాలు చాలక సారా పట్టిన కాయకి, ముప్పై ఒకటిలో అదే పాలు సరిపోయింది. నా గీత తప్పు కాదక్కా, ఆ ఒక్క వెచ్చదనానికే సరైన గీత. మిగతా దేశానికంతా అదే గీత గీయబోయాను.

ఈ రోజు ఆస్ట్రాండర్ దగ్గరికి వెళ్ళి, ఆ అంకె ఇప్పుడు వేయొద్దు, మూడు రకాల చలిలో మళ్ళీ చేస్తాను అని చెప్పాను. ఆయన కోపంతో పొగాకు పైపు నోట్లో తిరగేసి పెట్టుకున్నాడు. ఈ ఏడాది నా పేరు అచ్చవదు. నువ్వు పదకొండు మంది ముందు చెప్పావు, నేను ఒక్కడి ముందు కూడా చెప్పలేనా అనుకుని వెళ్ళాను.

కానీ ఇప్పుడు అసలు భయం ఒకటుంది. ఆ బుట్ట తలుపు దగ్గరుంది, చల్లగాలి ముందు తగిలే చోట. గదంతా అలాగే ఉందా? చల్లదనం సరిగ్గా చేరని మూల ఏదైనా ఉందా? ఉంటే అక్కడి కాయలు నా సీసాల్లో ఉన్నట్టే లెక్క.

మేవీ


ఆల్డర్ బెంచ్
ఫిబ్రవరి

మేవీ,

ఉంది. వెనక గోడ, ఎడమ మూల. ఆ గోడ అవతల బాయిలరు గది. ఫ్యాను గాలి అక్కడికి వెళ్ళేసరికి చస్తుందని ఆర్విడ్ ఎప్పుడూ విసుక్కునేవాడు. ముందుగా కోసిన కాయలు ముందు లోపలికి పోతాయి, కనుక వెనకాలకి చేరతాయి. ఈ ఏడు ముందు కోసింది గస్ టోలెఫ్సన్.

ఇప్పుడెవరూ లోపలికి పోలేరు. తెరిచే రోజు దాకా ఆగాలి. రోజూ ఆ గోడకి బయట చెయ్యి ఆనించి చూస్తున్నాను, పిచ్చిదాన్లా. గస్‌కి చెప్పాను. విని, "సరే" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వెర్నా


ఆల్డర్ బెంచ్
ఫిబ్రవరి చివర, ఆదివారం

మేవీ,

గది తెరిచాం. ఇన్‌స్పెక్టరు సీలు తీశాడు. లోపలికి మంచి గాలి నిండేదాకా సగం రోజు బయట నిలబడ్డాం. ముందు వరసలన్నీ అద్భుతం. మేవీ, నిజంగా అద్భుతం. చికాగో కొనుగోలుదారు కత్తితో కోసి, ముక్క నోట్లో వేసుకుని, "మీరేం చేశారు?" అని అడిగాడు. ప్రూయిట్ ఛాతీ విరుచుకుని, "కొత్త పద్ధతి. తక్కువ ఆక్సిజన్. కావాలనే చేశాం" అన్నాడు. నా వైపు చూసి కళ్ళతో సైగ చేశాడు, ఊఁ అను అని. నేను అనలేదు. "కావాలని కాదు, పొరపాటున జరిగింది. మా గది చల్లన కాబట్టి బతికాయి. మీ గదుల్లో ఇలా చేస్తే పంట పోతుంది" అని కొనుగోలుదారుకే చెప్పాను. ప్రూయిట్ మొహం చూడాలి నువ్వు.

వెనక మూలకి చేరేసరికి నా ముక్కుకే ముందు తెలిసింది. కోస్తే లోపల గోధుమరంగు చుట్టు. ఆ మూలున్న పెట్టెలన్నీ గస్‌వే. అతని పంటలో సగం పైనే ఆ మూల ఉంది. పక్క వరసలో, రెండడుగుల అవతల, మళ్ళీ మంచి కాయలే. నీ గీత ఆ గది నేల మీద సుద్దముక్కతో గీసినట్టుంది. నీ ప్రయోగానికి అటు పది కాయలు, ఇటు పది కాయలు గుర్తులు పెట్టి రైల్లో పంపాను. ఆ మూలున్న గస్ కాయలన్నీ, రసం పిండే సైడరు మిల్లుకి వెళ్ళిపోయాయి. అతను ట్రక్కు పక్కన నిలబడి, టోపీ తీసి, ఎక్కిస్తున్నంతసేపూ చూస్తూనే ఉన్నాడు. దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

నిన్న నా పని మీద ఓటు పెట్టారు. ఆ మీటింగుకి నన్ను రావద్దన్నారు. నా స్థానానికి కింద ఊరి నుంచి డేల్ అనే కుర్రాణ్ణి ప్రూయిట్ సిద్ధంగా పెట్టుకున్నాడని ముందే తెలుసు. నేను రాత్రే ఆర్విడ్ సామానంతా అట్టపెట్టెలో సర్ది గుమ్మం దగ్గర పెట్టాను, పొద్దున్నే ఇచ్చేద్దామని.

పొద్దున గస్ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల మీదే నిలబడ్డాడు. ఆ పెట్టె చూసి, "ఇదేంటి?" అన్నాడు.

"స్టోరేజీ సామాను. డేల్‌కి ఇవ్వాలి కదా."

"ఐదుగురు డేల్ అన్నారు. ఆరుగురు నువ్వన్నారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరా ఆరుగురు అని లెక్కపెట్టుకుంటుంటే ఐదుగురే తేలారు.

"ఆరో చెయ్యి నాది" అన్నాడు.

"గస్, నీ పంట పోయింది నా వల్లే కదా" అన్నాను.

"పోయింది. నీ వల్లే పోయింది. మూడు రోజులు తిట్టుకున్నాను, ఇంకా తిట్టుకుంటాను" అన్నాడు. "కానీ డేల్ గాడు తప్పు చేస్తే నాకు తెలిసేది ట్రక్కులోకి ఎక్కించే రోజునే. నువ్వు చేస్తే ముందే వచ్చి చెప్తావు. గోడ అవతల నా కాయలేమవుతున్నాయో నాకు తెలియాలి వెర్నా. అదొక్కటే నాకు కావాల్సింది."

అంతే చెప్పి దిగి వెళ్ళిపోయాడు. నేను ఆ పెట్టెని మళ్ళీ లోపలికి ఈడ్చుకొచ్చి, దాని పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆర్విడ్ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఆ రోజు అందరూ చూస్తున్నారని బిగబట్టుకున్నాను. ఈ రోజు ఎవరూ లేరు, గొంతు విప్పి చాలాసేపు ఏడ్చాను. ఇప్పుడు నయంగా ఉంది.

వెర్నా